చెవి మేస్త్రి పెట్టిన టిక్కు

కొండ మీది నర్సు క్వార్టర్సు,
వంటగది బల్ల దగ్గర,
సోమవారం

మామయ్యకి,

నీ పిచ్చుక నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. నువ్విచ్చిన బండి నీలాంబరి క్షేమం, నేను క్షేమం, చిన్నది క్షేమం. మా ఆయన ఒక్కరే బండి ఎక్కినప్పుడల్లా తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. "మీ మామయ్య మనకిచ్చింది బండా, జర్మనీ ముత్తాతా?" అని రోజూ అదే పాట. బళ్ళో తోటి మాస్టార్లకి మాత్రం "మాది జర్మన్ కారు" అని చెప్పుకుంటున్నారట. చిన్నది గుట్టు విప్పేసింది.

ఉద్యోగంలో చేరి మూడు వారాలైంది. కొండ మీద నాలుగు పల్లెలకీ నేనే నర్సుని. కాన్పు కష్టమైతే కింద పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలి. దారిలో పదకొండు మలుపులు. ఆస్పత్రి వ్యాను పిలిస్తే వస్తుంది, కానీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. నువ్వు ఈ బండి ఇవ్వకపోతే నేను ఈ ఉద్యోగం ఒప్పుకునేదాన్ని కాదు. తెల్లారి తాళం సగం తిప్పి, డీజిల్ ఇంజను వేడెక్కి పసుపు దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు ఇంజను లేపుతున్నాను. నువ్వు చెప్పిన పూజ ఒక్క రోజూ తప్పలేదు. సీట్లలో కొబ్బరి పీచు వాసన ఇంకా వస్తోంది. నీ రిపేరు షెడ్డులో కూర్చున్నట్టే ఉంటుంది.

మొన్న ఆఫీసు ఫోన్ నుంచి మీ వీధి చివర మందుల షాపుకి చేసి నిన్ను పిలిపించాను. ఐదు నిమిషాలూ నేనే వాగాను. నువ్వు "ఊఁ, సరే, జాగ్రత్త" అని పెట్టేశావు. కోపమొచ్చిందా ఏమిటి?

ఆ రోజు చెబుదామనుకున్నది ఇది. పోయిన శుక్రవారం కిందికి దిగుతున్నాను, ఒక్కదాన్నే. మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కాలు నేరుగా కిందికి పోయింది. కాలి కింద ఏమీ లేదు మామయ్యా. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. మళ్ళీ తొక్కాను, అప్పుడు పట్టింది, ఎప్పటిలాగే గట్టిగా. ఆపి, దిగి, చుట్టూ తిరిగి చూశాను. ఏమీ కనిపించలేదు. మళ్ళీ ఎక్కి, డాష్‌బోర్డు అర మూత తెరిచి, లోపల బండి బాగుందని నువ్వు సుద్దముక్కతో పెట్టిన టిక్కు చూసుకున్నాను. నవ్వకు. దాన్ని చూశాకే మళ్ళీ తాళం తిప్పాను.

అది ఒక్కసారే. తర్వాత మళ్ళీ జరగలేదు. ముందు నుంచీ వినిపించే ఆ గూఁ శబ్దం అలాగే ఉంది. అది నువ్వు విన్నదే కాబట్టి దాని గురించి అడగడం లేదు. బ్రేకు సంగతి మాత్రం వెంటనే రాయి.

నీ
పిచ్చుక

*

షెడ్డు, పెద్ద బల్ల దగ్గర,
ఆదివారం

చిరంజీవి పిచ్చుకకి,

మామయ్య దీవెనలు. నీకు తొమ్మిదో ఏట ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు చేతికిచ్చినవాణ్ణి. నీ మీద నాకు కోపమేమిటే? ఫోన్లో బండి గురించి మాట్లాడడం నాకు చేతకాదు. ఆ మందుల షాపాయన పొట్లాలు కడుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించుకుని వింటాడు. ఏదున్నా ఉత్తరం రాయి. కాగితం మీద పెట్టినప్పుడు మనిషి నిదానంగా ఆలోచిస్తాడు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ఇకనుంచి మనిద్దరికీ ఇదే పద్ధతి.

బ్రేకుకి కంగారు పడకు. గొట్టాల్లో గాలి చేరింది, అంతే. పాత జర్మన్ బండి కొత్త ఊరికి వెళ్ళినప్పుడు కొంచెం అలుగుతుంది. అక్కడెవరైనా మెకానిక్కు ఉంటే పాత బ్రేకు నూనె తీయించి కొత్తది పోయించు. బ్రేకు నూనె డబ్బాకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గర చక్రంతో ముగించాలి. ఎదురు తిప్పితే గాలి లోపలే ఉండిపోతుంది. వాడు నాకు తెలుసులే అంటే నమ్మకు. పక్కన నిలబడి నీ కళ్ళతో చూడు.

నీ బండికి నేను చెయ్యాల్సినవన్నీ చేశాను. వాల్వుల సందులు సరిచేశాను, డీజిల్ గొట్టాలు మార్చాను, తివాచీలు ఎత్తి తుప్పు గీకాను. ముందు చక్రాలకి కొత్త బేరింగులు కూడా తెప్పించాను గానీ వెయ్యలేదు. ఉన్నవి ఫ్యాక్టరీలో బిగించినవి, వాటి మీద జర్మన్ అక్షరాలు ఇంకా చెరగలేదు. అలాంటి సరుకు పీకి ఇప్పటి సరుకు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పాత బళ్ళ పిచ్చివాళ్ళందరిదీ ఇదే రోగమని మీ అత్తయ్య అంటుండేది. ఆమె ఉంటే ఇప్పుడు కూడా అనేది.

అన్నీ అయ్యాక చెవి పరీక్ష పెట్టాను కదా. నువ్వే పక్కన కూర్చున్నావు. అద్దాలెత్తి, రేడియో ఆపి, నోళ్ళు మూసుకుని, నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళొచ్చాం. ఆ తర్వాతే టిక్కు పెట్టాను. ఊళ్ళో నన్ను చెవి మేస్త్రి అని ఊరికే అనరు. ఇన్నేళ్ళలో నా టిక్కు పడ్డ బండి దారిలో ఆగిందని ఒక్కడూ వచ్చి చెప్పలేదు.

చిన్నదాన్ని ముందు సీట్లో కూర్చోనివ్వకు. మీ ఆయనకి చెప్పు, కళ్ళు తెరిస్తే భయం సగమవుతుందని.

మామయ్య

*

కొండ మీది క్వార్టర్సు,
శనివారం

మామయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి పని కారణమని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. రాస్తే నీ మనసు నొచ్చుకుంటుందని ఆగాను.

నువ్వు చెప్పినట్టే చేయించాను. ఇక్కడ ట్రాక్టర్లు బాగుచేసే ఆయన ఒకరున్నారు. నీలాంబరిని చూసి చేతులు కడుక్కుని వచ్చారు, అంత మర్యాద. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గర చక్రంతో ముగించాం. సీసాలో పట్టిన నూనె శుభ్రంగా ఉంది, ఒక్క బుడగ కూడా రాలేదు. "గాలి లేదమ్మా ఇందులో" అన్నారాయన. మా మామయ్య ఉందన్నాడు అన్నాను. ఆయన సీసా మూత బిగించి నా చేతికిచ్చారు.

వారం రోజులు బాగానే ఉంది. తర్వాత మళ్ళీ మొదలైంది. ఈ నెలలో నాలుగుసార్లు. ఎప్పుడూ మలుపు తిరిగాకే. మొదటి తొక్కుకి కాలు కిందికి పోతుంది, రెండో తొక్కుకి పడుతుంది. పోయిన మంగళవారం రెండో తొక్కుకీ పట్టలేదు, మూడోదానికి పట్టింది. బండి కొంచెం గోడకి రాసుకుంది. చిన్నది వెనక ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు నాకు అలవాటైపోయిన పని చెబుతాను. ప్రతి మలుపుకీ ముందే, అవసరం లేకపోయినా, రెండుసార్లు బ్రేకు తొక్కి చూసుకుంటాను. ఇంట్లో అన్నం తింటూ కూడా కుడికాలు అదే పని చేస్తోందట. మా ఆయన చూసి చెప్పారు. ఆయన వెక్కిరించకపోతే నాకు ఇంకా భయమేసింది.

ఇంకోటి అడగాలి. ఆ గూఁ శబ్దం పెరిగింది. ఎడమకి తిరిగితే గట్టిగా వస్తుంది, కుడికి తిరిగితే మాయమవుతుంది. వేగం పెంచితే అదీ పెరుగుతుంది. గాజు సీసాలో తుమ్మెదని పెట్టి చెవి దగ్గర పట్టుకున్నట్టు ఉంటుంది. చిన్నది దానికి రాగం కలిపి పాడుతోంది. ఈ శబ్దం చెవి పరీక్ష రోజునే ఉంది. గుర్తుందా, నేను రూలు తప్పి మాట్లాడాను. నీళ్ళ ట్యాంకు దగ్గర వెనక్కి తిప్పుతుంటే, "మామయ్యా, ఆ గూఁ ఏమిటి?" అని అడిగాను. నువ్వు రోడ్డు వైపే చూస్తూ తల ఊపావు. మాట్లాడినందుకు తిట్టనైనా తిట్టలేదు. నువ్వు విన్నావు, నీకు తెలుసు, పరవాలేదన్నమాట అనుకున్నాను. తిరిగొచ్చి టిక్కు పెట్టావు.

ఆ తల ఊపుకి అర్థమేమిటి మామయ్యా? నీ ఉత్తరంలో ఆ శబ్దం గురించి ఒక్క ముక్క లేదు.

చివరి పల్లెలో ఒక అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు, బిడ్డ అడ్డంగా ఉంది. వచ్చే గురువారం పొద్దున్న కిందికి దించాలి. వ్యాను వస్తామన్నారు. రాకపోతే నీలాంబరే. నాకు ఈ బండిని చూస్తే భయంగా ఉంది. ఈ మాట నీకు రాయాల్సి వచ్చినందుకు ఏడుపొస్తోంది.

పిచ్చుక

*

తంతి
బుధవారం సాయంత్రం

బండి కదపకు. గురువారం అసలే వద్దు. కుడి ముందు చక్రం ఊడుతుంది. తప్పు నాది. ఉత్తరం వస్తోంది. మామయ్య.

*

షెడ్డు,
బుధవారం, తంతి ఇచ్చి వచ్చాక

పిచ్చుకా,

దీవెనలు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ఇది నీకు అందేసరికి గురువారం దాటిపోతుంది. తంతి అంది ఉండాలి. అంది ఉంటుంది. ఆ మాట పదిసార్లు అనుకుని కూర్చున్నాను.

ముందు బండి సంగతి. కుడి ముందు చక్రం బేరింగు అరిగిపోయింది. అరిగిన బేరింగు మీద చక్రం పక్కకి ఊగుతుంది. ఊగినప్పుడల్లా బ్రేకు బిళ్ళల్ని వెనక్కి తోసేస్తుంది. అందుకే మలుపు తిరిగాక మొదటి తొక్కుకి కాలు కిందికి పోతోంది, బిళ్ళలు మళ్ళీ ముందుకొచ్చాక పడుతోంది. ఎడమకి తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు శబ్దం పెరుగుతుంది. నీ ఉత్తరంలో ఆ నాలుగు వాక్యాలు చదివితే ఈ పనిలో కొత్తగా చేరినవాడైనా చెబుతాడు. మొదటి ఉత్తరంలో కూడా గూఁ అని రాశావు. నేను ఆ వాక్యం మీద చూపు నిలపలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నాకు వినపడదు.

నాలుగేళ్ళుగా కొద్దికొద్దిగా పోయింది. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత గేటు గంట. తర్వాత మీ అత్తయ్య గొంతు. ఆమె పోవడానికి ఏడాది ముందే నాకు ఆమె గొంతు పోయింది. ఆమె ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని నా చేతిలో ఒట్టు వేయించుకున్నాను. ఎవరైనా వస్తే పక్కన నిలబడి, వాళ్ళు అన్నది నా వైపు తిరిగి మళ్ళీ మెల్లగా అనేది, పెదాలు చూసి నేను జవాబిచ్చేవాణ్ణి. ఆమె పోయాక తల ఊపడం నేర్చుకున్నాను. తల ఊపితే ఎవరూ రెండోసారి అడగరు పిచ్చుకా. ముసలాడు విన్నాడు, ఒప్పుకున్నాడు అనుకుంటారు. నీతో ఫోన్లో "ఊఁ" అన్నదీ అదే. నువ్వు ఏం చెప్పావో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంజను ఊపు సీట్లోంచి నడుముకి తెలుస్తుంది. అది తెలిసినంత కాలం నేను వింటున్నాననే అనుకున్నాను. అనుకున్నానని అనడం కూడా సరి కాదు. నాకు తెలుసు. చెవి మేస్త్రి చెవులు పోయాయంటే ఈ షెడ్డుకి ఎవడొస్తాడు? బళ్ళు లేకపోతే నేను పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? నీళ్ళ ట్యాంకు దగ్గర నువ్వు మాట్లాడావని కూడా నాకు తెలియదు. తల ఎందుకు ఊపానో గుర్తులేదు. రోడ్డు బాగుందని ఊపి ఉంటాను.

ఈ మధ్యాహ్నం నీ ఉత్తరం చదివి అలమారలోంచి ఆ బేరింగుల పెట్టె తీశాను. నూనె కాగితం కూడా విప్పలేదు. జర్మన్ అక్షరాలు చూసి మురిసిపోయి పక్కన పెట్టినవి ఇవే. అప్పుడే మార్చి ఉంటే చెవులతో పనే ఉండేది కాదు.

ముందు మందుల షాపుకి పరిగెత్తాను. మీ ఆఫీసుకి ఫోన్ చెయ్యమన్నాను. నువ్వే మాట్లాడొచ్చుగా అన్నట్టు ఫోను నా చేతికివ్వబోయాడు. "నా గొంతు బాగోలేదు, నువ్వే మాట్లాడు" అన్నాను. చూడు, నీ ప్రాణం మీదికొచ్చిన పూట కూడా నా నోటికి అబద్ధమే వచ్చింది. వానకి లైను తెగిందట, కలవలేదు. అప్పుడు తంతి ఆఫీసుకి వెళ్ళాను.

బేరింగులు పార్సిలు చేశాను. ఆ ట్రాక్టరు ఆయనకి చెప్పు, ముందుగా చక్రం పైకెత్తి, ఒక చెయ్యి స్ప్రింగు మీద వేసి, రెండో చేత్తో చక్రం తిప్పాలి. బేరింగు బాగుంటే చేతికి ఏమీ తెలియదు. పాడైతే స్ప్రింగులోంచి ఇసుక రాపిడిలా వేళ్ళకి తగులుతుంది. దీనికి చెవులు అక్కర్లేదు. ఈ పద్ధతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. చెవి ఉండగా చెయ్యెందుకని ఎప్పుడూ వాడలేదు.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే, నీ చేతిరాత కనిపిస్తే చాలు.

మామయ్య

*

కొండ మీది క్వార్టర్సు,
ఆదివారం

మామయ్యకి,

బతికే ఉన్నాం. ముందు అది చదివి ఊపిరి తీసుకో. తర్వాతది చదువు.

తంతి గురువారం పొద్దున్నే కింద పోస్టాఫీసుకి వచ్చిందట. అక్కడి నుంచి తంతి మనిషి సైకిలు తోసుకుంటూ కొండెక్కి మా ఇంటికి వచ్చేసరికి పన్నెండు. తాళం చూసి తలుపు సందులో దూర్చి పోయాడు. మేము పదికే బయల్దేరాం.

వ్యాను రాలేదు. ఆ అమ్మాయికి తెల్లారినప్పటి నుంచీ నొప్పులు. వెనక సీట్లో ఆమె, పక్కన వాళ్ళమ్మ. చిన్నదాన్ని పక్కింట్లో దింపాను. అర మూత తెరిచి నీ టిక్కు చూసుకున్నాను, తాళం సగం తిప్పాను, దీపం ఆరేదాకా ఆగాను. ఆ రోజు అది ఎంతకీ ఆరదేమో అనిపించింది. మొదటి గేరులోనే దిగాను, మనిషి నడిచినట్టు. ఐదు మలుపులు బాగానే తిరిగాం. వాళ్ళమ్మ "కొంచెం తొందరగా పోనీయమ్మా" అంది. నేను పోనివ్వలేదు.

ఆరోది ఎడమ మలుపు. గూఁ అన్నది కాస్తా కరకర అయింది, గులకరాళ్ళు నమిలినట్టు. స్టీరింగు చేతుల్లో కొట్టుకుంది. బ్రేకు తొక్కాను, మళ్ళీ తొక్కాను, నాలుగుసార్లు తొక్కాను. ఏమీ లేదు. ఏదో కాలుతున్న వాసన. వెనక ఆ పిల్ల అరుస్తోంది, నొప్పికో భయానికో తెలియదు. చేతి బ్రేకు మెల్లగా లాగుతూ బండిని కొండ వైపు కాలవలోకి తోశాను. మట్టికి గుద్దుకుని ఆగింది. దిగి చూస్తే కుడి చక్రం లోపలికి ఒరిగిపోయి ఉంది, కాలు విరిగిన కుర్చీలా. ఇంకో మలుపు తిరిగి ఉంటే ఊడిపోయేది.

పావుగంటకి పాల వ్యాను వచ్చింది. క్యాన్ల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్ళాం. మధ్యాహ్నం రెండింటికి ఆపరేషను చేసి తీశారు, ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నేను ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. సాయంత్రం ఇంటికొస్తే తలుపు సందులో నీ తంతి.

నేనూ ఒకటి దాచాను. పోయిన ఉత్తరంలో బండి గోడకి రాసుకుందని రాశాను. అక్కడ గోడ లేదు మామయ్యా. సున్నం పూసిన రాయి ఒకటుంది, మోకాలెత్తు. బంపరు దానికి ఆనుకుని ఆగింది. రాయికి అవతల ఏమీ లేదు. చిన్నది వెనక సీట్లో ఆ శబ్దానికి రాగం కలిపి పాడుతోంది, ఆగకముందూ పాడింది, ఆగాకా పాడింది. నీకు రాస్తే నువ్వు తట్టుకోలేవని గోడ కట్టాను. కాబట్టి నిన్ను తిట్టే అర్హత నాకు సగమే ఉంది. ఆ సగం వాడుకుంటాను.

నీ చెవులు పోయినందుకు నాకు కోపం లేదు. తల ఊపినందుకు కోపం. వినపడలేదే అని ఒక్క మాట అని ఉంటే నేనే చెప్పేదాన్ని, ఇక్కడ గూఁ అంటోందని. నాకు రెండు చెవులున్నాయి, నీ పక్కనే కూర్చున్నాను. నువ్వు నన్ను అడగలేదు. నన్నూ నా బిడ్డనీ కొండ మీదికి పంపించావు గానీ ఆ ఒక్క మాట నీ నోటికి రాలేదు. ఈ ముక్క రాసి రెండుసార్లు కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను, ఉండనీ.

అర మూత లోపలి టిక్కు తడిగుడ్డతో తుడిచేశాను.

ట్రాక్టరు ఆయన చక్రం విప్పారు. మూత తీస్తే గ్రీజు బదులు నల్లటి పొడి వచ్చింది. లోపల తిరగాల్సిన ఉక్కు ముక్కల్లో ఒకటి ఈ కవర్లో పెడుతున్నాను. గుండ్రంగా ఉండాల్సింది, ఎలా పలకలు తేలిందో వేళ్ళతో తడిమి చూడు. నీ పార్సిలు నిన్న అందింది. కొత్తవి బిగించారు. స్ప్రింగు మీద చెయ్యి వేయించి నాకు చూపించారు, నేనూ వేసి చూశాను. ఏమీ తెలియలేదు, నున్నగా ఉంది. ఎడమ వైపుదీ మార్చేశాం, జర్మన్ అక్షరాలు ఉన్నా సరే.

ఇప్పుడు నేను అడిగేదానికి తల ఊపకు. నీ చెవులు పోయాక ఇంకెన్ని బళ్ళకి టిక్కు పెట్టావు? ఎవరెవరు తిరుగుతున్నారు వాటిలో? నాకు జవాబు రాసే ముందు వాళ్ళకి రాయి.

పిచ్చుక

*

షెడ్డు గేటు దగ్గర, స్టూలు మీద,
శుక్రవారం

పిచ్చుకకి,

దీవెనలు. నువ్వు చెప్పినట్టే ముందు వాళ్ళకి రాశాను, అందుకే నీకు మూడు వారాలు ఆలస్యం. నువ్వు పంపిన ఉక్కు ముక్క చొక్కా జేబులో ఉంది. పొద్దున్నే లేవగానే ఒకసారి తడుముతాను.

నీది కాక నాలుగు బళ్ళు. నాలుగు ఉత్తరాల్లోనూ ఒకే సంగతి రాశాను. నాకు వినపడదు, నేను పెట్టిన టిక్కు చెల్లదు, బండి ఆపండి, వేరే మేస్త్రికి చూపించండి, లేదా నా దగ్గరికే తెస్తే చేత్తో చూస్తాను అని. మొదటి ఉత్తరం రాయడానికి ఒక రోజంతా పట్టింది. నాలుగోదానికి పావుగంట.

పశువుల డాక్టరు వెంటనే వచ్చాడు. అన్ని చక్రాలూ ఎత్తి స్ప్రింగుల మీద చెయ్యి వేశాను, బాగున్నాయి. టైపిస్టమ్మ వేరే మేస్త్రికి చూపించుకుందట, నాతో ఇక పని లేదని రెండు వాక్యాలు రాసింది. న్యాయమే. ఫొటోగ్రాఫరు బండి వెనక చక్రం ఒకటి వేళ్ళకి గరగరమంది. మార్చి పంపాను.

నాలుగోది లెక్కల మాస్టారి క్రీము రంగు బండి. ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ రాశాను. వాళ్ళింటికి వెళ్ళాను. తాళం. పక్కవాళ్ళు ఏదో చెప్పారు, నాలుగుసార్లు పెదాలు చూస్తే "పిల్లలతో కార్లో" అన్నంతవరకు తెలిసింది. ఎక్కడికో తెలియలేదు. కాగితం మీద రాయండి అని అడగడానికి నోరు రాక వచ్చేశాను. ఇంటికొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను.

అప్పటి నుంచీ రోజూ పేపర్లో ప్రమాదాల వార్తలే చదువుతున్నాను. క్రీము రంగు అన్న మాట ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుకుతాను. పోస్టు మనిషి గంట కొట్టినా వినపడదు కాబట్టి స్టూలు గేటు దగ్గరికి జరుపుకున్నాను. ఈ వయసులో ఇంత భయం ఉంటుందని నాకు తెలియదు పిచ్చుకా. అన్నం తింటూ కూడా కాలితో బ్రేకు తొక్కుతున్నానని రాశావే, నేను అన్నం ముందు కూర్చుని గేటు వైపు చూస్తూ ఉంటాను. అన్నం చల్లారిపోతుంది.

కాసేపు ఆపాను. ఇప్పుడే క్రీము రంగు బండి గేటు ముందు ఆగింది. మాస్టారు దిగారు. మనిషి అలిసిపోయి ఉన్నారు. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. ఇంజను ఆపారో లేదో తెలియక బానెట్ మీద చెయ్యి వేశాను. తిరుగుతూనే ఉంది. మాస్టారు నాతో ఏదో చెబుతున్నారు, చేత్తో ముందు చక్రం చూపిస్తున్నారు. నా తల దానంతటదే ఊగబోయింది. ఆపుకున్నాను. నోరు తెరిచి, ఈ వీధిలో మొదటిసారి, "మాస్టారూ, నాకు వినపడదు. కాగితం మీద రాయండి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో ఏమో, మందుల షాపాయన బయటికి వచ్చి చూశాడు.

చేతిలో ఇదే కాగితం ఉంది. దీని వెనకే రాయమని ఇచ్చాను. రాసింది చదివాను, నువ్వూ తిప్పి చూడు. నేను జాకీ తేవడానికి వెళ్తున్నాను.

మామయ్య

(కాగితం వెనక, వేరే చేతిరాతలో)

ఊళ్ళో లేం, మూడు వారాలైంది. ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఇక్కడికే వచ్చాం. ఎడమ ముందు చక్రం దగ్గర గూఁ అని శబ్దం. ఇవాళ దారిలో రెండుసార్లు బ్రేకు అందలేదు. ఆ శబ్దం మొదటి రోజు నుంచీ ఉంది. అప్పుడే మిమ్మల్ని అడిగాను. మీరు తల ఊపారు కదా అని ఊరుకున్నాను.